దొరోళ్ల కొట్టు పక్కన ప్లస్ గుర్తు

ఈ వయసులో నాకు దక్కింది కంప్యూటర్ స్క్రీన్ మీద పేర్లను కొమ్మలు కొమ్మలుగా పేర్చి చెట్టు కట్టే పని. మదనపల్లెలో నేను పనిచేసే చిన్న ఆఫీసుకు ఇనుప సామాన్ల వ్యాపారి ఒకాయన అప్పగించాడు. ఊరి పేరు పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కితే ఆ ఊరి గోడౌన్లు, గోడౌను పక్కన నొక్కితే అందులోని సరుకు విచ్చుకోవాలి. మళ్లీ నొక్కితే ముడుచుకోవాలి. అంతా ఒకేసారి తెస్తే స్క్రీన్ నెమ్మదిస్తుందని, నొక్కినాకే లోపలేముందో వెతికేలా రాశాను. అందుకని ప్రతి పేరుకూ ముందే గుర్తు తగిలించాను.

ఆయనకు నచ్చకపోతే నా ఉద్యోగం అంతటితో సరి. మా ఓనరు ఆ మాట దాచలేదు.

కుప్పంలో ఆయన అంగట్లో చూపించాలి. పుంగనూరు మీదుగా బస్సులో వెళ్లేసరికి నడుము పట్టేసింది. అయినా కుర్చీలో ఆనుకోలేదు. పరాయి గడపలో వెనక్కి వాలడం మా ఇంటి అలవాటు కాదు.

కౌంటర్లో ఉండే అమ్మాయి పుంగనూరు నొక్కింది. మా వైపు గోడౌను ఎన్ని చేతులు మారినా పాతవాళ్ల పేరుతోనే పిలుస్తారు. వరసలో ‘దొరోళ్ల కొట్టు’ కనబడింది. మా తాత వడ్లు పోసిన కొట్టు, మా నాన్న అమ్మిన కొట్టు. ఆమె గుర్తు నొక్కింది. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది.

“ఏందప్పా ఇది? గుర్తుండాది, లోపల ఏమీ లేదే!”

నేనెవరో వ్యాపారికి తెలుసు. “దొరోళ్లది కదమ్మా, బయటికి అట్లే కనపడతాది” అన్నాడు. గుమాస్తాలు నవ్వారు.

“ఖాళీ అని తెరిస్తే గానీ తెలియదు” అన్నాను.

“ఖాళీ దానికి ఆశ పెట్టేది యాల దొరా? నా మనుషులు దినమంతా నొక్కతా కూసోవాల్నా? ఇట్లయితే నాకొద్దు.”

ఆయన మాట నిజమే. అక్కడే కూర్చుని మార్చాను. లోపల సరుకు ఉందా లేదా అన్నంత వరకే ముందుగా చూసుకుని, ఉంటేనే గుర్తు వేసేలా. తెచ్చిన టీ చల్లారిపోయింది. మళ్లీ తెరిస్తే గుర్తు లేదు. ఉత్త పేరు ఉంది.

“ఇంక ఈ పేరు మాత్రం యాల? తీసేయ్” అన్నాడు వ్యాపారి.

తీసేయడం ఎంతసేపు? ఉద్యోగమూ గుర్తొచ్చింది.

“పేరు ఉండాలి. రేపు లోడు దిగితే ఎక్కడ రాసుకుంటారు?”

ఆయన స్క్రీన్‌ను తన వైపు తిప్పుకున్నాడు. “అట్లే కానీప్పా. సోమవారం నా మూడు అంగళ్లలోనూ పెట్టు” అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

చల్లారిన టీ తాగి బస్టాండుకు నడిచాను. బస్సులో సీటు దొరికాక వెనక్కి వాలాను.