కళ్లు మూసుకున్న కారు

పోయిన వారం బోధన్ నుంచి అమ్మ ఫోన్ చేసి, మా పక్కింటి అవ్వ పోయిందని చెప్పింది. పొద్దున చాయ్ తాగి, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గోడకు ఒరిగిందట. కునుకు తీస్తోందనుకున్నారట. నేను నిజామాబాద్ నుంచి వెళ్లేసరికి ఆ చాటను ఎవరో గోడకు నిలబెట్టి ఉంచారు.

మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేనే. పరీక్షల రోజుల్లో అమ్మకు సాయంగా బీడీలు చుడుతుంటే అవ్వ వచ్చి నా ఒళ్లోంచి చాట తీసుకునేది. నీ వంతు నేను చుడతాను, పోయి చదువుకోమనేది. చుట్టడం నేర్పింది కూడా ఆమే. బీడీకి దారం కట్టేటప్పుడు మాత్రం గట్టిగా లాగనిచ్చేది కాదు. "దారం మీద కోపం సూపియ్యకు, తెగుతది" అనేది.

ఆమె దగ్గర ఒక నలుపు తెలుపు ఫొటో ఉండేది. వాళ్ల బాపు, అంటే నాన్న, చక్కెర ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో బండ్లు కడిగేవాడు. ఒక దసరాకు హైదరాబాద్ నుంచి ఎవరో అతిథి వింత కారులో వచ్చాడు. మిగతా బండ్లతో పాటు దానికీ పూజ చేశారు. ఫొటోలో ఆ కారు నేలకు అతుక్కుపోయినట్టు ఉంటుంది. పక్కన బాపు. బానెట్ మీదుగా బిగించి కట్టిన బంతిపూల దండ. ఆ దండ తానే గుచ్చానని, దీపాలు పెట్టే వేళ కారు కళ్లు తెరిచి దాన్ని తెంపేసిందని అవ్వ చెప్పేది.

ఎవరూ నమ్మలేదు. ఫొటోలో ఆ కారుకు అసలు లైట్లే కనిపించవు. "కండ్లే లేని బండి కండ్లెట్ల తెరిసిందే చెల్లె? నువ్వాడ లేనే లేవు, బాపు జెప్పిన ముచ్చట నీదనుకుంటున్నవ్" అని అవ్వ వాళ్ల పెద్దన్న ప్రతి దసరాకూ ఆమెను ఆటపట్టించేవాడు. అవ్వ అందరితో పాటు నవ్వేది. కానీ రెండేళ్ల కిందట ఫొటో నా చేతిలో పెట్టింది.

"గిది ఏం బండో కనుక్కో బిడ్డా. నేను అబద్ధం జెప్తలేనని మా అన్నకు తెల్వాలె."

పాత కార్లంటే ఇష్టమున్నవాళ్ల గ్రూపు ఒకటి ఫోన్లో దొరికితే అందులో ఫొటో పెట్టాను. కంపెనీ గుర్తు ఉండాల్సిన చోటు పూల కింద ఉంది. ఒకరు జర్మనీ కారన్నారు. ఇంకొకరు ఇక్కడే రేకులు కొట్టి చేయించిందన్నారు. చివరికి దండ తెగిన సంగతి కూడా రాశాను. అప్పుడు పుణె పెద్దాయన ఒకరు కిటికీ వాలు, చక్రాల ఆకారం పోల్చి చూసి ఇటలీ స్పోర్ట్స్ కారని తేల్చారు. ఆ రకం కార్లు చాలా తక్కువగా తయారయ్యాయట. లైట్లు మూతల కింద దాగి ఉంటాయని, వేస్తే మూతలు పైకి లేస్తాయని రాసి, వీడియో కూడా పంపారు.

కారు పేరు చెబితే అవ్వకు నోరు తిరగలేదు. వదిలేసింది. వీడియో చూసి, "గదే. గిట్లనే తెంపింది నా దండ" అంది. అన్నను పిలిపించింది. ఆయన మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూశాడు.

"ఔ చెల్లె. ఇంక దండ ఏడ ఆగుతది" అన్నాడు.

అవ్వ చాట దగ్గరకు లాక్కుని ఇంకో ఆకు తీసుకుంది.

ఇప్పుడు ఆ ఫొటో ఆయన ఇంట్లో గోడకు ఉంది. అందులో ఇంకా పొద్దు గూకలేదు. కారు కళ్లు మూసుకునే ఉంది. దండ ఒక్క పువ్వు జారకుండా ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది.