ఖాసిం మైకులో చెప్పిన మాట

తిరుమలగిరి పోయే రోడ్డు మీది మా ఊళ్లో మైకు సెట్టు ఉన్నది ఖాసిం ఒక్కడికే. పెళ్లయినా, దర్గా ఉర్సయినా, చర్చిలో క్రిస్మస్ అయినా, హారన్ కట్టడానికి ఖాసిం గోడెక్కాల్సిందే. తప్పిపోయిన పిల్లల కోసం, తోలుకుపోయిన బర్రెల కోసం రిక్షాలో తిరుగుతూ చెప్పేదీ ఆయనే. గొంతు బొంగురుగా ఉన్నా మాట స్పష్టంగా వినిపించేది. ఎలక్షన్లొస్తే పొద్దున ఒక పార్టీకి, మాపటికి ఇంకో పార్టీకి చెప్పేవాడు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "అందరి మాట అందరు వినాలె గదా. ఎవలికెయ్యాలెనో వాళ్ల ఇష్టం," అనేవాడు. ఓటు మీద ఆయనకు అంత నమ్మకం. ఓటేసే రోజు ఉతికిన లాల్చీ తొడుక్కుని, భార్య లాడ్లీ బేగంను వెంటబెట్టుకుని అందరికంటే ముందు వెళ్లి లైన్లో నిలబడేవాడు.

1991 ఎండాకాలంలో ఒక పొద్దున బస్టాండు ఎదురుగా పెళ్లివారింటి మిద్దె మీద ఖాసిం హారన్ కడుతున్నాడు. కింద హోటల్ ముందు ఇస్రాయేలు చాయ్ తాగుతున్నాడు. ఇస్రాయేలు కూలీల సంఘం పెట్టిన యువకుడు. నాట్లకు, కోతలకు కూలి పెంచాలని వాడకట్టు వాడకట్టు తిరిగి మీటింగులు పెట్టాడు. ఆ మీటింగులకు మైకు ఖాసిందే. ఇస్రాయేలుకు తండ్రి లేడు. తల్లి సాలమ్మ కూలి చేసి పెంచింది.

నంబరు లేని జీపొకటి వచ్చి ఆగింది. మామూలు బట్టల్లో ఉన్న మనుషులు దిగి ఇస్రాయేలు రెక్కలు విరిచి పట్టుకున్నారు. అతను పెనుగులాడుతూ అరిచాడు: "పోలీసోళ్లు నన్ను పట్టుకపోతున్నరు! మా అవ్వకు చెప్పుండ్రి!" బస్టాండంతా చూసింది. జీపు వెళ్లిపోయింది. ఖాసిం మిద్దె దిగి, చేతిలో వైరు చుట్ట అలాగే పట్టుకుని, సాలమ్మ ఇంటికి పరుగెత్తాడు.

సాలమ్మ స్టేషన్‌కు పోయింది. మేం ఎవరినీ తేలేదన్నారు. రెండు రోజులకు పేపర్లో వచ్చింది: గుట్టల్లో ఎదురుకాల్పులు, తీవ్రవాది ఇస్రాయేలు మృతి, ముందు అతనే కాల్చాడు, ఆత్మరక్షణ కోసం పోలీసులు కాల్చారు. చాయ్ గ్లాసు తప్ప చేతిలో ఏమీ లేనివాణ్ణి బస్టాండులో పట్టుకుపోయి, గుట్టల్లో తుపాకి పట్టించి చంపారు. రాసినవాళ్లకు సిగ్గు లేకపోతే పోనీ. చదివిన మాకైనా ఉండాలి కదా! ఊరంతా చదివింది. ఊరంతా పేపరు మడిచి పక్కన పెట్టింది.

శవం దవాఖానలో ఉంది. ఊళ్లోకి తెచ్చుకుంటానని సాలమ్మ పట్టుబట్టింది. ఆ మధ్యాహ్నం సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఖాసింను పిలిపించాడు.

"రిక్షా కట్టుకోని ఊరంత చెప్పు. శవం దగ్గరికి ఎవలు పోవద్దు. గుంపు కూడొద్దు. వాడకట్టుల ఏడ్పులు వినపడితే కేసులైతయ్."

"ఏడ్వద్దంటె ఎట్ల సార్? కన్నతల్లి గదా," అన్నాడు ఖాసిం.

"చెప్పుమన్నది చెప్పు. నీ అభిప్రాయం ఎవడడిగిండు?"

ఖాసిం రిక్షా ఎక్కాడు. వెనక జీపులో కానిస్టేబుళ్లు. బస్టాండు దగ్గరికి వచ్చేసరికి మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ప్రజలకు తెలియజేయునది ఏమనగా..." అని ఆగాడు. ఎన్నో ఏళ్లుగా ఆ మాటతోనే మొదలుపెట్టినవాడు ఆ రోజు దాని తర్వాత మాట మింగేశాడు. పక్క సందులో సాలమ్మ గోడకు ఆనుకుని, నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుని ఉంది.

"ఇస్రాయేలును గుట్టలల్ల పట్టలె," అన్నాడు ఖాసిం. హారన్ ఆ మాటను నాలుగు దిక్కులా వినిపించింది. "గీ బస్టాండుల, పట్టపగలు, చాయ్ తాగుతుంటె పట్టుకపోయిన్రు. నేను మిద్దె మీదికెంచి చూసిన. మీరు సుత చూసిన్రు. సాలమ్మా, నీ కొడుకు కోసం నువ్వు ఏడువు. ఎవడాపుతడో చూద్దాం!"

సాలమ్మ నోట్లోంచి కొంగు తీసింది. ఆ ఏడుపు విన్నవాళ్లెవరూ మరిచిపోలేదు.

జీపులో వాళ్లు దూకి వైర్లు తెంపారు. ఖాసింను రిక్షా మీంచి ఈడ్చి కొట్టారు. స్టేషన్లో కుడి చెవి మీద కొట్టిన దెబ్బలకు ఆ చెవి మళ్లీ వినపడలేదు. తీవ్రవాదుల మీద పెట్టే టాడా చట్టం కింద కేసు పెట్టారు. హారన్లు, యాంప్లిఫయర్, బ్యాటరీ అన్నీ దేశద్రోహానికి వాడిన సామాన్లని రాశారు. తురకవాడు కాబట్టి ఏ దేశం నుంచి నీకు మాటలు నేర్పుతున్నారని అడిగారు. పుట్టిన ఊరు దాటి హైదరాబాదుకైనా సరిగ్గా పోనివాణ్ణి!

లాడ్లీ బేగం ఎమ్మెల్యే దగ్గరికి పోయింది. ఆయన గెలిచిన ఎలక్షన్లో గొంతు పోయేదాకా చెప్పింది ఖాసిమే.

"చట్టం తన పని తాను చేసుకపోతదమ్మా," అన్నాడాయన.

"గా చట్టం చేసింది మీరే గదా సార్," అంది ఆమె. ఆయన లోపలికి లేచిపోయాడు.

బెయిలు లేకుండా ఖాసిం మూడేళ్లు జైల్లో ఉన్నాడు. ములాఖత్‌కు వచ్చిన వకీలు భిక్షపతి, కేసు సంగతులు చెబుతూ ఒకసారి, "దేశం ఫాసిజం దిక్కు పోతాంది ఖాసిం," అన్నాడు.

"అంటే ఏంది సార్?"

"సర్కారుకు ఎదురు మాట్లాడినోడు దేశానికి శత్రువనుడు. వాన్ని చంపినా అడిగెటోడు లేకుంట చేసుడు. కని ఇంకా గంత దూరం పోలేదంటరు పెద్దోళ్లు. ఎలక్షన్లయితున్నయ్, పేపర్లస్తున్నయ్, కోర్టులున్నయ్ అంటరు."

ఖాసింకు కోపం వచ్చింది. "ఎలక్షనయింది, నేను ఓటేసిన. పేపరచ్చింది, అబద్ధం రాసింది. కోర్టున్నది, నేను ఈడున్న. ఇస్రాయేలుకు ఏం మిగిలింది సార్? ఇంక ఎంత దూరం పోతె ఒప్పుకుంటరు వాళ్లు?"

 ఈ మాట భిక్షపతే తర్వాత నాకు చెప్పాడు.

1994లో బెయిలు వచ్చింది. తర్వాత సాక్షులు లేరని కేసే కొట్టేశారు. తప్పయిందని ఎవరూ అనలేదు. ఖాసిం సామాన్ల కోసం స్టేషన్‌కు పోతే, పెరట్లో వానకు తుప్పు పట్టిన హారన్లు చూపించి, అన్నీ బాగున్నాయని సంతకం పెట్టి తీసుకుపొమ్మన్నారు.

"బాగలెవ్వు సార్. బాగున్నయని రాస్తె నేను పెట్ట," అని ఉత్త చేతులతో వచ్చేశాడు. రేడియోలు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు, ఎడమ చెవి దగ్గర పెట్టుకుని వింటూ.

ఎదురుకాల్పుల మీద విచారణ జరపడానికి ఒక రిటైర్డు జడ్జి వచ్చినప్పుడు, ఊళ్లో సాక్ష్యం చెప్పింది ఖాసిం ఒక్కడే. పోలీసులు పక్కనే నిలబడి ఉండగా, చూసింది చూసినట్టు చెప్పాడు. ఆ విచారణ ఏమైందో ఇప్పటికీ తెలియదు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కు మాత్రం ప్రమోషన్ వచ్చింది.

అప్పటినుంచి ప్రతి పంద్రాగస్టుకు ముందుజాగ్రత్త అని ఖాసింను స్టేషన్లో కూర్చోబెట్టడం మొదలైంది. పొద్దున జెండా ఎగరేసి మిఠాయి పంచిన మనుషులే, స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఒక నిరపరాధిని బెంచీ మీంచి సాయంత్రం దాకా కదలనిచ్చేవారు కాదు. యాభై ఏళ్ల పండుగ చేసిన 1997లోనూ అంతే. ఆ రోజు సాలమ్మ గిన్నెలో అన్నం కట్టుకొచ్చి, ఖాసిం పక్కన అదే బెంచీ మీద కూర్చుంది.

"ఏమే, నిన్నెవరు పిలిచిన్రు?" అని గద్దించాడు ఎస్సై.

"నన్నెవ్వలు పిల్వలె. నా కొడుకు కోసం మాట్లాడినోడు ఈడున్నడు. నేను సుత ఈడ్నే ఉంట."

"లేచి పో! లేకుంటె లోపలేస్త!"

"ఎయ్యి," అంది సాలమ్మ. గిన్నె మూత తీసి, "తిను భాయ్, చల్లారిపోతది," అంటూ ఖాసిం ముందుకు జరిపింది.

ఎస్సై లోపలికి వెళ్లిపోయాడు. పొద్దుగూకేదాకా ఇద్దరూ ఆ బెంచీ మీదే కూర్చున్నారు. మరుసటి ఏడు ఖాసింను పిలవడానికి కానిస్టేబుల్ వచ్చేసరికి, సాలమ్మ వాడకట్టు ఆడవాళ్లు నలుగురు అప్పటికే స్టేషన్ అరుగు మీద కూర్చుని ఉన్నారు.