అక్షరం నెత్తిన గీత

ఏళ్ళ తరబడి దీన్ని మోస్తున్నాను. ఇప్పుడు బరువనిపించడం కూడా మానేసింది. తిమ్మిరెక్కిన చెయ్యిలా ఉంది. నాదో కాదో తెలియదు. నా వ్యాసాలు చదివే మీకు చెబుతాను.

యుద్ధం ముగిసిన కొత్త. బెజవాడలో మా హేతువాద సంఘం గదిలో సాయంత్రాలు స్పానిష్ చెప్పేవాణ్ణి. పుస్తకం చూసి నేర్చుకున్నదే తప్ప ఆ భాష ఒకరి నోట విన్నవాణ్ణి కాను. క్రియారూపాలను అక్షరాలుగా విడగొట్టి, ఏది ఒత్తి పలకాలో మన పద్యానికి గురులఘువులు వేసినట్టే వేసి చెప్పాను. మరో కొలత ఉంటుందని తోచలేదు. 'నేను పాడుతున్నాను' అనడానికి కాన్-తొ. మొదటిది గురువు, కాబట్టి ఒత్తు దానిమీదే. అందరూ చేత్తో తాళం వేస్తూ వల్లించేవారు. అర్థం తెలియని మంత్రాలు వల్లించేవాళ్ళను నేను వ్యాసాల్లో దుమ్మెత్తిపోస్తున్న రోజులవి.

రహీమ్ బట్టల కొట్టులో గుమాస్తా. చేనేత గుడ్డను స్పానిష్ దేశాలకు పంపే మద్రాసు కంపెనీ ఒకటి ఆ భాష వచ్చినవాడి కోసం వెతుకుతోంది. ఆ ఉద్యోగం మీదే అతని ఆశంతా. అతనొక్కడే అడిగాడు.

"మాస్టారూ, 'పాడుతున్నాను' అన్నా 'పాడాడు' అన్నా ఒకేలా పలికిస్తున్నారు. రెండోదాంట్లో ఆఖరి అక్షరం నెత్తిన గీతుంది కదండీ. అదెందుకండీ?"

నాకు తెలియదు. తెలియదనలేదు.

"తాయెత్తు కనబడితే చాలు, కళ్ళకద్దుకుంటావేంటయ్యా? ఆ గీతక్కూడా సలాం కొట్టు" అన్నాను.

గదంతా నవ్వింది. అతనూ నవ్వాడు. "సర్లెండి" అన్నాడు.

ఆ వారంలోనే పుస్తకం చివరి పుటల్లో చూశాను. గీత ఉన్న అక్షరాన్నే ఒత్తి పలకాలి. ఒత్తు మారితే పాడినవాడే మారిపోతాడు. ఎందుకు చెప్పలేదు? మర్నాడు ఒక పండితుడితో వాదం ఉంది, శాస్త్రమైనా సరే ప్రశ్నకు తలవంచాలని నేను వాదించాలి, ఆ హడావిడిలో ఉన్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది సాకు. నవ్విన గది ముందు తప్పు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆ కంపెనీ పరీక్షకు అతను బయల్దేరినప్పుడు మద్రాసు బండి ఎక్కించడానికి స్టేషనుకు కూడా వెళ్ళాను. కిటికీలోంచి అతను "అతను పాడాడు: కాన్-తొ" అని మొదటి అక్షరం ఒత్తి అప్పజెప్పాడు. సరిగ్గా ఉందన్నాను.

"నా నాలుకే మొద్దండి మాస్టారూ" అన్నాడు తిరిగొచ్చాక. "'అతను పాడాడు' అనమంటే ప్రతిసారీ 'నేను పాడుతున్నాను' అన్నానంటండీ."

నేను తల ఊపాను.

ఇప్పటికీ అదే కొట్టులో గుడ్డ కొలుస్తున్నాడు. నా ఉపన్యాసాలకు వస్తాడు. చివర్లో ప్రశ్నలుంటే అడగమంటాను. అతను అడగడు.

క్షమించమని మిమ్మల్ని కోరడం లేదు. ఆ హక్కు అతనిది, అతనికింకా చెప్పలేదు. ఆ గీత ఎందుకో ఆనాడు నాకు తెలియదు. ఈ మాట రాయడం ఇదే మొదలు. చేతికి కాస్త స్పర్శ వచ్చినట్టుంది.