గుప్పెడు వేసే చెయ్యి

బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వెయ్యకపోతే నాకు పొయ్యి వెలిగించబుద్ధి కాదు. మా అమ్మా అంతే, అమ్మమ్మా అంతే. వండినప్పుడల్లా ఇంటి ఆడది ఒక గుప్పెడు దేవుడికి తీసిపెట్టి, ఆదివారం చర్చికి పట్టుకెళ్లడం మా కోస్తా క్రైస్తవుల ఇళ్లలో అలవాటు. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో పదో అంతస్తులో ఉంటూ ఇప్పటికీ అదే చేస్తుంటే మా అమ్మాయి "మమ్మీ, ఫిర్ సే? మళ్లీనా?" అని నవ్వుతుంది. ఆ బియ్యం ఇప్పుడెవరికని దాని ప్రశ్న. నవ్వితే నవ్వనీ, దానికేం తెలుసు.

అప్పట్లో ఇక్కడికొచ్చిన తెలుగు క్రైస్తవుల్లో ఆడవాళ్లమంతా నర్సులమే. ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆదివారాలు తెలుగు ఆరాధన పెట్టుకునేవాళ్లం. నైట్ డ్యూటీ దిగి, కళ్లు మూతలు పడిపోతున్నా, ఒక చేత్తో పిల్లల్ని, ఇంకో చేత్తో బియ్యం సంచిని పట్టుకుని మెట్రో ఎక్కేవాళ్లం. హాలు గుమ్మం పక్కనే నీలం డ్రమ్ము. అందులో సోనా మసూరీ, బాస్మతి, రేషన్ బియ్యం అన్నీ కలిసిపోయేవి. ఒకసారి ఆ బియ్యంతోనే ప్రేమ విందు, అదే ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే భోజనం, వండాం. అబ్బో! సగం జావ, సగం పలుకు. ఆ రోజు పాస్టరుగారు భోజనం ముందు ప్రార్థన మహా పొడుగ్గా చేశారు పాపం.

ఇక కమిటీ అంటే మా మొగుళ్లే. ఇంటికో ఓటు, ఇంటి పెద్ద చెయ్యెత్తాలి అని రూలు రాసుకున్నారు. సంపాదించేది మేము, కానుకలిచ్చేది మేము, గుప్పెడు వేసేది మేము. చెయ్యెత్తేది మాత్రం వాళ్లు! సెక్రటరీ మరెవరో కాదు, మా ఆయనే. మంచివాడే గానీ, మైకు చేతికొస్తే మనిషి మారిపోయేవాడు.

మా వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక అక్క ఉండేది. గోదావరి వైపు మనిషి, మా ఆరాధనకే వచ్చేది. భర్త పోయాడు, ఒక్కతే కూతురు, పదో తరగతి. అక్క ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాంట్రాక్టు నర్సు. పేషెంటుని మంచం మీదికి మారుస్తుంటే నడుము పట్టేసింది. సెలవడిగితే ఇంక రావద్దన్నారు. మా ఇంట్లో తినమంటే "అచ్ఛా, చూద్దాంలే" అని తప్పించుకునేది. చివరికొక రోజు, గది ఖాళీ చేసి ఊరెళ్లిపోతానంది. బోర్డు పరీక్షల ముందు బడి మానిపిస్తే ఆ పిల్ల చదువు గంగలో కలిసినట్టే. దోసెల పిండి రుబ్బి అపార్టుమెంట్లలో అమ్ముకో, నా గ్రైండరు ఇస్తానన్నాను. మరి బియ్యమో అంది.

ఆ ఆదివారమే మా ఆయన మైకు పట్టుకుని, "ఈ మైకు పాతబడింది. డ్రమ్ములో బియ్యం అమ్మేసి కొత్తది కొందాం. ఇంటి పెద్దలు చేతులెత్తండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. లేచి, "సెక్రటరీగారూ, ఆ బియ్యం అక్కకిద్దాం. రుబ్బితే ఏ బియ్యమైనా ఒకటే, దోసెలకి బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నాను. "ఆడవాళ్ల విషయాలు తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. ఇంట్లో ఆ మాటంటే ఆ పూట పస్తే. హాల్లో పళ్లు నూరుకుంటూ నిలబడ్డాను.

మగాళ్ల చేతులు లేస్తున్నాయి. వెనక బెంచీలోంచి అక్క నడుము పట్టుకుని మెల్లగా లేచింది. "మా ఇంటి చెయ్యి ఇదే" అని తన చెయ్యెత్తింది. "మా ఇంట్లో ఇంకో పెద్ద లేడు. ఉద్యోగం పోయాక ఒంటిపూటే వండుకుంటున్నాం. ఆ పూట కూడా గుప్పెడు తీశాను. అది ఈ డ్రమ్ములోనే ఉంది. నాకు దానం వద్దు. పని మొదలెట్టడానికివ్వండి, నిలదొక్కుకున్నాక డ్రమ్ము నింపుతాను."

ఒంటిపూట సంగతి ఎవ్వరికీ తెలీదు. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే చెయ్యెత్తాను. నా పక్కావిడ ఎత్తింది, ఆ పక్కావిడా ఎత్తింది. మా ఆయన చేతులు లెక్కపెట్టబోయి, ఆగి, మైకు కింద పెట్టేసి తన చెయ్యి కూడా ఎత్తాడు. ఆ రోజు మా ఇంటివి రెండు ఓట్లు పడ్డాయి.

ఆ చలికాలం పిండి పులవక అక్క తన రజాయి, అదే దూది దుప్పటి, దానికి కప్పి, తను శాలువాతో పడుకునేది. "దీదీ, దోసా వాలా దేనా" అని అడిగి వాచ్‌మెన్లు కూడా పిండి కొనేవాళ్లు. ఆ పిల్ల ఆ గదిలోంచే వెళ్లి పరీక్షలు రాసింది. డ్రమ్మూ నిండింది. ఎంత మంచి రోజులో అవి!

ఇప్పుడు ఆరాధన పెద్ద హాల్లోకి మారింది. డ్రమ్ము లేదు, గుమ్మం దగ్గర ఫోనుతో స్కాన్ చేసి కానుక వేసే బోర్డు ఉంది. శుభ్రంగానే ఉంది, కాదనను. నా డబ్బా మాత్రం నిండిపోతుంటుంది. మొన్న దాన్ని అక్క ఇప్పుడు నడుపుతున్న దోసెల పిండి కొట్టుకే పట్టుకెళ్లాను. అక్క ఆ బియ్యాన్ని నానబొయ్యకుండా బల్ల కిందున్న డ్రమ్ములో ఒంపింది. మా నీలం డ్రమ్మే!

"పారేస్తుంటే తెచ్చుకున్నాలే" అంది.

"ఇప్పుడెవరికక్కా?"

కొట్టు ముందు స్టూలు మీద ఒకావిడ కూర్చుని ఉంది, ఇంకా నర్సు యూనిఫాంలోనే. "కాంట్రాక్టు అయిపోయిందన్నారంట. అడగడానికి సిగ్గుపడుతోంది పిచ్చిది" అంది అక్క. "ముందు నీ గుప్పెడు తెచ్చి ఇందులో వెయ్యి, అప్పుడిది నీది కూడా అని చెప్పాను."

ఆవిడ బ్యాగులోంచి చిన్న పొట్లం తీసింది.