సంఘం పుస్తకం మీద కుందేలు పిల్ల

స్నేక్ అనే మా పట్టణంలో కాలువ పక్కన హిస్కెకి ఒక చిన్న డిజైన్ గది ఉండేది. మా వైపు బిడ్డ పుట్టినా, పెళ్ళి జరిగినా, పెద్దవాళ్ళు పోయినా, నలుగురికీ పంపే కార్డు ఆమె చేతి మీదుగానే తయారయ్యేది. పాల సహకార సంఘం వార్షిక నివేదికను కూడా ఏటా ఆమే రూపొందించేది.

ఒక వసంతంలో వీబ్రెన్, అవుక్య అనే పాడిరైతు దంపతులు ఆమె దగ్గరికి వచ్చారు. తొలిచూలు. ఆడపిల్లని ముందే తెలుసు. కార్డు ముందుగానే సిద్ధం చేయించుకుని, పుట్టాక తేదీ చేర్చి అచ్చు వేయించడం ఇక్కడి అలవాటు.

“కుందేలు పిల్లను వేయండి,” అన్నాడు వీబ్రెన్. “అవుక్యకి నెల తప్పిందని తెలిసిన రోజు గడ్డి కోస్తున్నాను. యంత్రానికి ఎదురుగా కూర్చుంది, ఇంతే ఉంది. కదలదే! దాన్ని తప్పించి పక్కనుంచి పోయాను.”

“పోయాడా? దిగి దానితో కబుర్లు పెట్టుకున్నాడు,” అంది అవుక్య. “అక్కడ ఆవులేమో పాలు పిండమని అరుస్తున్నాయి.”

చెవులు వీపుకి అంటించుకుని గడ్డిలో ముడుచుకున్న కుందేలు పిల్లను గీసింది హిస్కె. అంత మంచి బొమ్మ ఆమె అంతకుముందు వేయలేదు.

పాప పుట్టిన రోజే పోయింది. “అచ్చు వేయకండి,” అని మాత్రం చెప్పి వీబ్రెన్ ఫోన్ పెట్టేశాడు. హిస్కె ఏడ్చింది. బొమ్మను సొరుగులో దాచింది.

ఆ శీతాకాలం సంఘం నివేదిక పని మీద పడింది. అట్ట కోసం ఆమె చూపించిన బొమ్మలన్నీ సంఘం అధ్యక్షుడు డౌవె పక్కకు నెట్టేశాడు.

“మళ్ళీ ఆవులేనా? హిస్కె, వీటిని చూస్తే మా ఆవులే మొహం తిప్పుకుంటాయి. ఏదైనా ప్రాణమున్న బొమ్మ పట్టుకురా, తల్లీ!”

గడువు దగ్గరపడింది. ఆమె సొరుగు తెరిచింది. బయట ఎవరూ చూడని బొమ్మే కదా, కుందేలు మీద ఎవరికి హక్కుంటుంది అనుకుంది. వీబ్రెన్ ఆ సంఘంలో సభ్యుడని ఆమెకి తెలియక కాదు. ఆ ఆలోచన దరిచేరకుండా ఉండాలనే బొమ్మను అట్ట మీద పెట్టి చకచకా పని ముగించింది. నివేదిక పుస్తకం సభ్యులందరి ఇళ్ళకీ పోస్టులో వెళ్ళింది.

వార్షిక సమావేశంలో డౌవె ఆమెను నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. తల వంచి నవ్వుతూ చూసేసరికి ముందు వరుసల్లో వీబ్రెన్ కనిపించాడు. పుస్తకాన్ని ఒళ్ళో బోర్లా పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. ఆమె నవ్వు ముఖం మీదే బిగుసుకుపోయింది. చప్పట్లు ఇంకా ఆగలేదు.

కాఫీ వేళ నడవలో అతనే ఆమె దగ్గరికి వచ్చాడు.

“పోస్టు అవుక్య తీసింది, హిస్కె గారూ. నేను కొట్టంలో ఉన్నాను.”

“పుస్తకాలన్నీ వెనక్కి తెప్పిస్తాను,” అంది ఆమె, నోటికి వచ్చిందేదో.

“మా చుట్టుపక్కల ప్రతి ఇంటి బల్ల మీదా ఉంది. ఎవరెవరి ఇంటికని పోతారు?” అని అతను కోటు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె తిన్నగా డౌవె దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పింది. కనీసం తిడతాడనుకుంది. “పోనీలే, కుందేలు మీద ఎవరికి హక్కుంటుంది?” అన్నాడతను, భుజం తట్టి. తన మాటే ఎదుటివాడి నోట విని హిస్కె అతని చేయి తప్పించుకుని బయటికి వచ్చేసింది.

మర్నాడు వీబ్రెన్ వాళ్ళ పొలంలోని ఇంటికి వెళ్ళింది. అవుక్య లోపలికి రానిచ్చింది గానీ కాఫీ ఇస్తానని అనలేదు. మా వైపు అది చిన్న విషయం కాదు. హిస్కె క్షమించమని అడిగింది.

“మా పాప పేరు చెప్పండి,” అంది అవుక్య.

హిస్కె నోరు తెరిచింది. ఆ కార్డులో వాడిన అక్షరాల రకం గుర్తుంది, వాటి రంగు గుర్తుంది, పేరు చుట్టూ వదిలిన తెల్లని జాగా కూడా గుర్తుంది. పేరు మాత్రం రాలేదు. బల్ల మీది గుడ్డ అంచును చూస్తూ కూర్చుంది.

“నీంకె,” అంది అవుక్య. “మాకు కార్డు కావాలి. ఇప్పుడు కావాలి. పుట్టిందని కూడా ఎవరికీ చెప్పుకోలేదు మేము.”

“వేరే బొమ్మ గీస్తాను...”

“మీ బొమ్మలొద్దు. పేరు వేయండి. ఒక్కటే తేదీ. కింద మా ఇద్దరి పేర్లు.”

హిస్కె అలాగే చేసింది. కార్డులు తానే తీసుకెళ్ళి గుమ్మంలో ఇచ్చింది. అవుక్య ఒకటి తీసి చదువుకుని, “సరిగ్గా ఉంది,” అని తలుపు వేసుకుంది. మా ఊళ్ళో చాలామందికి ఆ బిడ్డ సంగతి ఆ వారమే తెలిసింది. కొందరు ఆలస్యంగానైనా పూలు పట్టుకుని వెళ్ళారు.

మరుసటి ఏడు సంఘం పుస్తకం పని హిస్కె ఒప్పుకోలేదు. “మంచి పేరొచ్చాక మానేస్తావేంటి?” అని డౌవె విసుక్కున్నాడు.

ఇప్పుడు సంతలో ఎదురైతే అవుక్య తల ఊపి పలకరిస్తుంది. వీబ్రెన్ పలకరించడు. హిస్కె కూడా అతను దాటిపోయేదాకా పక్కకి తప్పుకుని, చేతిలో సంచీతో ఊరికే నిలబడుతుంది.