బడి తోట ఇచ్చిన గిజిగాడి గూడు

ఎనభైల్లో పిల్లలను మోతె బడికి పంపిన నా తోటి తండ్రులారా, ఆనందం పట్టలేక రాస్తున్నాను. మా సైదమ్మ తాను చదివిన బడికే టీచరుగా వచ్చింది! "నాయినా, నేను సుత మా సారు లెక్క తోటలనే పాఠం చెప్త" అంటూ, మా ఇంటి దూలానికి వేలాడే పాత గిజిగాడి గూడును దించి సంచిలో పెట్టుకుంది. నేనూ వెంట వెళ్ళాను.

గుర్తుందా మీకు ఆ తోట? వంగమళ్ళు, బావి, దాని మీదికి వంగిన తుమ్మచెట్టు, కొమ్మకొమ్మకూ గూళ్ళు!

"సదువుకోమని పంపితే పోరగాండ్లతోని మళ్ళు కట్టిపిస్తున్నరేంది సారూ?" అని ఒకసారి నేనే అడిగాను.

"నీ జొన్న చెలక ఎంతుందో నీ బిడ్డనడుగు. జొన్నదంటుతోని కొలిచి చెప్తది" అన్నారు సారు నవ్వుతూ. నిజంగానే చెప్పింది!

గూళ్ళను ఎవరూ తెంపకూడదన్నది సారు పెట్టిన నియమం. గాలికి రాలిన గూడు లెక్కల్లో గెలిచినవారికి బహుమతి. మా ఇంటికి వచ్చింది అలాంటి గూడే.

ఇప్పుడక్కడ బావి పూడ్చేశారు, తుమ్మ కొట్టేశారు. గేటు దాకా సిమెంటే. పిడికెడు మట్టి లేదు. నా సంతోషమంతా అక్కడే చల్లారిపోయింది.

సైదమ్మ తరగతిలోకి వెళ్ళి గూడును పిల్లలకు ఇచ్చింది. ఒక పాప లోపలికి తొంగిచూసి, "టీచర్, దీన్ల పిట్టేది?" అంది.

సైదమ్మ కిటికీలోంచి ఆ సిమెంటు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. మన పిల్లల చదువు అయిపోయాక మనమెవరమూ ఆ తోట వైపు తిరిగి చూడలేదు కదా, నేను తల దించుకున్నాను.