ఎడమచేతి మాండలిన్ రాజం

గోదావరిఖనిలో రాజం ఇల్లెక్కడ అని అడిగితే ఏ రాజం అని ఎదురు అడుగుతారు. ఎడమచేతి రాజం అని చూడండి, బస్టాండులో ఆటో అతను గుమ్మం ముందు దింపిపోతాడు. తీరా చూస్తే ఆ మనిషి అన్నం తినేది కుడిచేత్తో. సంతకం పెట్టేది కుడిచేత్తో. గనిలో బొగ్గు తొట్లను లాగే హాలేజీ ఇంజన్ పిడిని ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది కూడా కుడిచేత్తోనే. కోపమొస్తే కంచం తోసేసేది ఆ చేత్తోనే, భార్య శోభ ఒక్క చూపు చూశాక మళ్లీ దగ్గరికి లాక్కునేదీ ఆ చేత్తోనే. మాండలిన్ ఒక్కటే ఎడమచేత్తో వాయిస్తాడు. ఎందుకయ్యా ఈ అవస్థ అంటే, "ఆయన గట్లనే వాయించిండు" అంటాడు.

ఆయన అంటే ఒక సినిమా హీరో. ఆ సినిమాకు పోస్టరు మీద ఏ పేరుండేదో గానీ కాలనీలో మాత్రం అందరూ మాండలిన్ సినిమా అనే అన్నారు. అప్పుడు రాజం ఏడేళ్లవాడు. జీతాలు పడ్డాక వచ్చే శనివారం గని కంపెనీ వాళ్లు మైదానంలో ఉచితంగా సినిమా వేసేవాళ్లు. రెండు గుంజలు పాతి, నడుమ తెల్లబట్ట కట్టి, బొమ్మ బాగా పడాలని దాని మీద నీళ్లు చల్లేవాళ్లు. మైదానానికి ఒక పక్క ఆఫీసర్ల బంగళాలు, రెండో పక్క కార్మికుల క్వార్టర్లు. ప్రొజెక్టరు జీపు బంగళాల పక్కనే ఆగేది. అటు వైపు జంపఖానా, కుర్చీలు, చుట్టూ తాడు, తాడు దగ్గర కర్ర పట్టుకుని చౌకీదారు. ఇటు తెర వెనుక గోనెసంచులు పరుచుకుని క్వార్టర్ల జనం. ఇటే కూర్చోండని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అటు రావద్దని కూడా ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. ఆ చెప్పేదేదో చౌకీదారు చేతిలోని కర్ర చూసుకునేది.

వెనుక నుంచి చూసినా బొమ్మ బొమ్మే గదా. కాకపోతే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. పేర్లు పడేటప్పుడు అక్షరాలు తిరగబడి కనిపించేవి. రాజం తండ్రి ఎల్లన్నకు అక్షరాలు తిన్నగా ఉన్నా ఒకటే, తిరగబడినా ఒకటే. కాబట్టి ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. హీరో పడవ అంచున కూర్చుని మాండలిన్ అందుకోగానే ఏడేళ్ల రాజం నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయాడు. ఆయన ఎడమచేత్తో తీగలు మీటుతున్నాడు. లోకంలో అందరూ కుడిచేత్తో చేసే పనిని ఎడమచేత్తో చేసే మొనగాడు! ఇక ఆ పిల్లాణ్ని ఆపేదెవరు?

ఉద్యోగం వచ్చాక రెండో జీతంతో రాజం మాండలిన్ కొన్నాడు. నేర్పడానికి పెళ్లిళ్ల బ్యాండులో కిషన్ అనే పెద్దాయన ఒప్పుకున్నాడు. మొదటి రోజే తల పట్టుకున్నాడు.

"అరే, గట్ల కాదు పిలగా. తిప్పి పట్టు. తీగలు తలకిందులైతున్నయి."

"తీగలు మార్చి కట్టుకుంట గని, చెయ్యి మార్చ, కాకా. నువ్వా సినిమా చూడలే. చూస్తే గిట్లనవు."

కిషన్ మూడు రోజులు మొత్తుకున్నాడు, నాలుగో రోజు దండం పెట్టి పంపేశాడు. రాజం తనంత తనే నేర్చుకున్నాడు. ఎడమచెయ్యి మాట వినలేదు, ఒక్క పాట పలికేసరికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లు శోభ చెవుల్లో దూది పెట్టుకుని వంట చేసింది. తర్వాత టాకీసుల్లో ఇంకెందరో హీరోలు మాండలిన్‌లూ గిటార్లూ వాయించగా చూశాడు రాజం. అందరూ కుడిచేత్తోనే వాయించారు. వాళ్లను చూస్తే అతనికి జాలేసేది. పొద్దున్నే అద్దం ముందు గడ్డం గీసుకునేటప్పుడైనా, అద్దంలోవాడు కత్తి ఏ చేత్తో పట్టుకున్నాడో ఒక్కసారి చూసి ఉంటే కథ వేరుగా ఉండేది. రాజం అద్దంలో మీసం తప్ప ఇంకేమీ చూసుకునే రకం కాదు.

అయినా నిజం చెప్పుకోవాలి, బాగా వాయిస్తాడు. షిఫ్టు మారే వేళ గని మీద నలుగురు కూడితే "రాజమన్నా, ఒక్కటి కొట్టవే" అనేవాళ్లు. పెళ్లి ఊరేగింపుల్లో, గణపతి పందిళ్లలో ఆ ఎడమచెయ్యి కోసమే జనం మూగేవాళ్లు. సగం మంది వినడానికి వచ్చేవాళ్లు, సగం మంది చూడటానికి.

రిటైరయ్యాక అతనికి వీర్రాజు దొరికాడు. వీర్రాజు తండ్రి గోదావరి జిల్లా నుంచి గని ఇంజనీరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. వీర్రాజు కూడా అదే కంపెనీలో సర్వే ఆఫీసరుగా చేసి దిగిపోయాడు. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఇద్దరికీ పలకరింపులు కూడా లేవు. స్టేడియంలో పొద్దుటి నడకలో ఒకరోజు వీర్రాజు ఫోన్లో పాత పాట వస్తుంటే, పక్కనుంచి పోతున్న రాజం నడక ఆపి దరువేశాడు. అంతే, దోస్తీ కుదిరింది. ఏ గాయకుడి గొంతు ఏ పాటలో జీరబోయిందో, ఏ హాస్యనటుడు ఎలా తుమ్మేవాడో, ఏ వేణువు ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఇద్దరికీ నోటికొచ్చు. వీర్రాజు రాజంను నువ్వు అంటాడు, రాజం వీర్రాజును సార్ అంటాడు. ప్రాణస్నేహితులే, ఆ మాత్రం తేడా ఇద్దరికీ అడ్డం రాలేదు.

ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో పాత పాటల సంఘం అని ఒకటి పెట్టుకున్నారు. రిటైరైనవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు ఓ నలభై మంది వస్తారు. ఒకసారి అక్కడ మాండలిన్ సినిమా ప్రసక్తి వచ్చింది. ఇద్దరూ చూసింది ఒకే మైదానంలో, ఒకే శనివారం! నడుమలో రీలు తెగిన చోటు కూడా కలిసింది. రాజం ఒళ్లు పులకరించింది. "సార్, పడవ మీద పాట యాదికున్నదా? ఎడమచేత్తోని మీటుతడు సూడు..."

"ఎడమచెయ్యేంటయ్యా? కుడిచెయ్యి. నేను ముందు వరసలో కూర్చుని చూశాను."

"నేను నా కండ్లతోటి చూసిన సార్. పడవ కుడి దిక్కు పోతది, ఆయన ఎడమచేత్తో కొడుతడు."

"పడవ వెళ్లింది కూడా ఎడమకే. నువ్వు వేరే సినిమా చూసుంటావు."

వేరే సినిమా అన్న మాట రాజం గుండెల్లో గుచ్చుకుంది. యాభై ఏళ్లకు పైగా దాచుకున్న శనివారాన్ని ఈయన ఉత్తదని అంటాడా? ఒంటికాలి మీద లేచాడు. "ఆయన కుడిచేత్తోని వాయించినట్టు చూపియ్యుండ్రి, నేను మళ్ల మాండలిన్ ముడితే ఒట్టు!"

హాలంతా విన్నది. శోభ తల కొట్టుకుంది. ఇంటికొచ్చాక అడిగింది. "గదేం ఒట్టయ్యా? రేపు గది లేకపోతే ఏం చేస్తవు? పొద్దందాక నా మొఖం చూసుకుంట కూసుంటవా?" రాజం గోడకున్న మాండలిన్ దించి ఒళ్లో పెట్టుకున్నాడు. గని పోయింది, షిఫ్టు పోయింది, తోటివాళ్లలో సగం మంది పోయారు. మిగిలింది ఆ మాండలిన్, దాని వల్ల వచ్చిన ఆ పేరు. ఒట్టు వేసిన నోటిని తనే తిట్టుకున్నాడు గానీ, ఆయన ఎడమచేతివాడన్న నమ్మకం మాత్రం ఇసుమంత కదల్లేదు.

వీర్రాజు చెడ్డవాడు కాదు, పట్టుదల మనిషి. హైదరాబాద్‌లో ఉన్న కూతురు సుప్రజను వారం వారం ఫోన్లో వేధించి, పాత రీళ్లు దాచుకునే ఒకాయన దగ్గర ఆ సినిమా కాపీ సంపాదించాడు. సంఘం వార్షికోత్సవానికి కార్యక్రమం వేశారు. ముందు సినిమా, తర్వాత ఎడమచేతి మాండలిన్ కళాకారుడు రాజంకు శాలువా, చివర అతని వాయింపు. దోస్తుకు చిన్ననాటి సినిమా చూపించి, ఆపైన శాలువా కప్పి సంతోషపెడదామని వీర్రాజు నిజంగానే అనుకున్నాడు. ఒట్టు సంగతి అతనికి గుర్తే లేదు. ఒట్లు గుర్తుండేది వేసినవాళ్లకే గదా.

ఆ ఆదివారం హాలు నడుమ అడ్డంగా తెల్లదుప్పటి కట్టి, కిటికీలు మూసి బొమ్మ వేశారు. రాజం మొదటి వరసలో కూర్చున్నాడు, ఒళ్లో సంచి, సంచిలో మాండలిన్. నది వచ్చింది, పడవ వచ్చింది. పడవ ఎడమకే పోతున్నది. హీరో మాండలిన్ అందుకున్నాడు. శుభ్రంగా, లోకమంతా పట్టుకున్నట్టే పట్టుకుని, కుడిచేత్తో మీటాడు.

హాల్లో ఒకరు కిసుక్కున నవ్వారు. తర్వాత నలుగురు నవ్వారు. వీర్రాజు "చెప్పానా!" అని తొడ చరిచి, పక్కకు చూసి ఆ చరిచిన చేతిని అలాగే ఉంచేశాడు. రాజం ఏడుస్తున్నాడు. చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. సంచి మూతి తాడు బిగించి ముడేసి, దాన్ని శోభ ఒళ్లో పెట్టాడు. "తీసుకపో ఇంటికి. నా ఒట్టు అయిపోయింది" అన్నాడు.

అప్పుడు వెనుక వరసలోంచి కొమురెల్లి లేచాడు. గనిలో కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని చేసి దిగిపోయినవాడు, రాజం చిన్ననాటి పక్కింటివాడు. "అరే రాజం, ఆగు. మనం ఏ దిక్కు కూసుంటుంటిమిరా అప్పుడు?" అని తనను తనే అడుక్కుంటూ నడిచి దుప్పటి అవతలికి పోయాడు. క్షణం ఆగి అటునుంచి ఒక్కటే కేక. "ఎడమచేతోడే! ఇటు రాండ్రి, ఎడమచేతోడే!"

రాజం పోయాడు. పడవ కుడికి పోతున్నది. ఆయన ఎడమచేత్తో మీటుతున్నాడు. అచ్చం అదే, ఏడేళ్లప్పటిదే. రాజం దుప్పటికి చెయ్యి ఆనించి "గిదే సార్, గిదే, నేనేం అబద్ధం చెప్పలే!" అని అరిచాడు. హాల్లో కుర్చీలు కదిలాయి. చూడాలని ఒకరు, గుర్తొచ్చి ఒకరు, కొంగు సర్దుకుంటూ ఆడవాళ్లు, ఒక్కొక్కరే దుప్పటి వెనక్కి పోయారు. అక్కడ కుర్చీలు లేవు. కింద కూర్చున్నారు. మోకాళ్లు నొప్పులని రోజూ మొత్తుకునేవాళ్లు కూడా మఠం వేసి కూర్చున్నారు. ఒకావిడ, "మా అవ్వ గీడనే అటుకులు పెట్టేది" అంటూ కళ్లు తుడుచుకుంది. ముందువైపు వీర్రాజు, అతని భార్య చంద్రమతి, మరో ఇద్దరు ఆఫీసర్లు మిగిలారు.

సినిమా అయ్యాక ఒట్టు చెల్లుతుందా చెల్లదా అని పెద్ద పంచాయతీ నడిచింది. శోభ తేల్చేసింది. "నలభై ఏండ్ల సంది నా చెవులు తిన్నవు. ఇగ నువ్వు బంద్ జేస్తే నాకు నిద్ర రాదు. తియ్యి." ముడి ఆవిడే విప్పింది. రాజం ఒక్క నిమిషం మాండలిన్‌ను తిప్పి కుడిచేత్తో పట్టుకుని చూశాడు, సరైన పద్ధతి ఎలా ఉంటుందోనని. చెయ్యి హాయిగా ఇమిడింది. అది చూసి అతనికి భయమేసింది. ఈ చేత్తో అయితే ఆ రెండేళ్ల చాకిరీ రెండు నెలల్లో అయిపోయేదేమో! గబుక్కున ఎడమకు మార్చుకుని వాయించాడు. అంత బాగా అతను ఎప్పుడూ వాయించలేదని కొమురెల్లి అంటాడు, శోభ ఒప్పుకోదు.

శాలువా కప్పి, చాయ్ తాగేటప్పుడు వీర్రాజు కుర్చీ జరుపుకుని రాజం పక్కన కూర్చున్నాడు. ఇందాకటి నుంచి అతన్ని ఏదో తొలుస్తున్నది.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు రాజం. ఆ తెర వెనకాల కూడా అంత జనం ఉండేవారని నాకిన్నాళ్లూ తెలీదు. అయినా అలా తిరగేసి చూడ్డం దేనికయ్యా? ముందుకొచ్చి కూర్చోకపోయారా? మా వైపు రెండు వరసల కుర్చీలు ఎప్పుడూ ఖాళీగానే ఉండేవి."

అందులో ఎకసెక్కం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు పాపం. రాజం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. కోపం రాలేదు అతనికి.

"ఖాళీగున్నయా సార్?" అన్నాడు. "తెర అడ్డముండె గద. మాకు కనవడలే."